పాలిచ్చే కుర్చీ కొనేముందు పుట్టింటి కుర్చీ చూసుకోండి

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు ఏడో నెల నడుస్తోంది. మొదటి కాన్పు. మేం హైదరాబాద్‌లో, నిజాంపేటలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఉంటాం. చిన్న గదిని బిడ్డ కోసం సర్దుతున్నాం. పాలివ్వడానికి ఆ గదిలో మంచి కుర్చీ ఒకటి వేయాలని మావారి కోరిక. ఆన్‌లైన్‌లో 38 వేల రూపాయల రిక్లైనర్ చూశారు. అది ఊగుతుంది, చుట్టూ తిరుగుతుంది, కాళ్లు చాపుకోవచ్చు. ఆయన ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, నాది 4 అడుగుల 11. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం కాబట్టి నాకు నడుంనొప్పి ముందు నుంచీ ఉంది. మా అత్తయ్యగారేమో "మేమంతా నేలమీద కూర్చునే పాలిచ్చాం. బాలింత కుర్చీలో కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే కాళ్లకు నీరు దిగుతుంది" అంటున్నారు. శ్రీమంతం అయ్యాక తెనాలిలో మా అమ్మవాళ్లింటికి వెళ్తాను. మూడో నెల వచ్చాక తిరిగొస్తాను. ఏ కుర్చీ కొనమంటారు? అసలు కొనాలా? 20 వేల లోపయితే మాకు ఇబ్బంది ఉండదు. దీని గురించి ఇంట్లో రోజూ మాటలే. కాస్త టెన్షన్‌గా ఉంది.
– ఓ కాబోయే అమ్మ, నిజాంపేట

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముఖ్యమైన సంగతిని మీరు ఉత్తరం చివర్లో మామూలుగా చెప్పేశారు. కాన్పుకు తెనాలి వెళ్తున్నారు, మూడో నెలకు గానీ రారు. అంటే కుర్చీతో నిజంగా పని పడే రోజులు నిజాంపేటలో గడవవు. అప్పుడే పుట్టిన బిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ఒకసారి పావుగంటలో అయిపోతుంది, ఇంకోసారి ముప్పావుగంట పడుతుంది. అన్నీ కలిపితే రోజుకు నాలుగైదు గంటలు మీరు బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంటారు. కుట్లు పచ్చిగా ఉండేదీ, నడుము నిలవనిదీ, రొమ్ము సరిగ్గా పట్టించడం మీకూ బిడ్డకూ ఇంకా చేతకానిదీ ఆ మొదటి ఆరు వారాల్లోనే. మూడో నెల వచ్చేసరికి చాలామంది పిల్లలు చకచకా తాగేస్తారు. మీకూ ఏ భంగిమ సుఖమో తెలిసిపోయి ఉంటుంది.

అందుకని ఆ 38 వేల రిక్లైనర్ ఇప్పుడు కొనకండి. మీరు తెనాలిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అవస్థ పడుతుంటే అది ఇక్కడ ఫ్లాట్‌లో ఖాళీగా ఉంటుంది. ఈరోజే మీ అమ్మగారికి ఫోన్ చేసి ఇంట్లో చేతులున్న కుర్చీలు ఏమేం ఉన్నాయో ఫొటోలు తీసి పంపమనండి. మనం మొదట తేల్చుకోవాల్సింది ఆ కుర్చీ సంగతి. నిజాంపేట కుర్చీని తర్వాత, నిదానంగా చూద్దాం.

కుర్చీ బాగుందో లేదో చూడటానికి అందరం ఒకటే చేస్తాం. అందులో కూలబడి, వెనక్కి వాలి, "హాయిగా ఉంది" అనుకుంటాం. బాలింతకు ఆ పరీక్ష చాలదు. పాలు తాగుతూ నిద్రపోయిన బిడ్డను రెండు చేతులా పట్టుకుని, ఒంటి చేత్తో కూడా ఆసరా తీసుకోకుండా, కుదుపు లేకుండా అందులోంచి లేవగలరా అన్నది చూడాలి. కుర్చీ విషయంలో నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. మెత్తగా లోపలికి దిగబడే సోఫా కుర్చీలు, వెనక్కి బాగా వాలిన పడక కుర్చీలు, పెద్ద రిక్లైనర్లు కూర్చోవడానికి సుఖంగానే ఉంటాయి. లేవాలంటే మాత్రం ముందుకు జరగాలి, పొట్ట బిగబట్టాలి, ఓ ఊపు తీసుకోవాలి. సిజేరియన్ అయినవాళ్లకు ఆ ఊపు ఎంత ప్రాణాంతకంగా అనిపిస్తుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో 60 శాతం పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం కాన్పులు సిజేరియన్లే. మీకు మామూలు కాన్పే కావాలని కోరుకుంటున్నాను. కానీ కుర్చీని మాత్రం పొట్టమీద కుట్లు ఉంటాయనుకునే ఎంచుకోండి. మామూలు కాన్పులోనూ కింద కుట్లు పడొచ్చు. అప్పుడు కూడా గుంటలా దిగబడే సీటు బాధే పెడుతుంది.

ఇక కొలతలు. మీవారిని టేపు పట్టుకోమనండి. చెప్పుల్లేకుండా, పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనేలా ఏదైనా తక్కువ ఎత్తు సీటు మీద కూర్చోండి. నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఎంతుందో కొలవండి. మీ ఎత్తుకు అది 15 అంగుళాలకు అటూ ఇటూగా వస్తుంది. పాలిచ్చే కుర్చీ సీటు అంతే ఎత్తు ఉండాలి, అదీ మీరు కూర్చున్నాక ఫోమ్ అణిగిన తర్వాత. బజారులో దొరికే కుర్చీలు, సోఫాలు ఎక్కువ భాగం 17, 18 అంగుళాల ఎత్తువే. ఆ తేడా రెండు మూడు అంగుళాలే అయినా అది చేసే చెడు చాలా ఉంది. పాదాలు నేలకు ఆనకపోతే తొడలు ముందుకు జారతాయి, ఒడి వాలుగా అవుతుంది, బిడ్డ మోకాళ్ల వైపు జారిపోతూ ఉంటుంది. బిడ్డ జారకుండా మీరు మడమలెత్తి మునివేళ్ల మీద బరువు మోస్తారు, భుజాలు ముందుకు వంచుతారు. నడుంనొప్పి ముందే ఉన్న మనిషి ఇలా రోజుకు పదిసార్లు కూర్చుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

దీనికి మందు మీ అమ్మగారి వంటింట్లోనే ఉండొచ్చు. మూడు, నాలుగు అంగుళాల ఎత్తున్న చెక్క పీట పాదాల కింద పెట్టుకుంటే చాలు. ఒడి సమంగా అవుతుంది, నడుము వెనక్కి ఆనుతుంది. పీట నున్నటి గచ్చు మీద, టైల్స్ మీద జారుతుంది కాబట్టి కింద రబ్బరు మ్యాట్ ముక్క వేయండి. లేచే ముందు పీటను కాలితో పక్కకు నెట్టి అప్పుడు లేవండి. రాత్రిపూట బిడ్డను ఎత్తుకుని పీట తట్టుకుని పడటం చాలా చెడ్డ ప్రమాదం. ఈ అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోవాలి.

రెండో కొలత సీటు లోతు. వీపు పూర్తిగా వెనక్కి ఆనించి కూర్చున్నప్పుడు సీటు అంచుకీ మోకాలి వెనక మడతకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టే ఖాళీ ఉండాలి. మీవారు చూసిన రిక్లైనర్ లాంటివి పొడుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని చేస్తారు, లోతు ఎక్కువ. ఆయన కూర్చుంటే చక్కగా అమరుతుంది. మీరు కూర్చుంటే వీపు ఆనించినప్పుడు కాళ్లు గాల్లో ఉంటాయి, కాళ్లు కింద పెట్టినప్పుడు వీపు వెనక జానెడు ఖాళీ ఉంటుంది. ప్రేమగానే చూశారు పాపం, కానీ ఈ కుర్చీలో గంటలు గంటలు కూర్చునేది మీరు. మీ కాళ్ల కొలతే ప్రమాణం. లోతెక్కువున్న కుర్చీయే గతి అయితే వీపు వెనక గట్టి దిండు ఒకటి నిలువుగా పెట్టుకుంటే కొంత సర్దుకుంటుంది. బూరుగు దూది దిండు మెత్తగా ఉండి కాసేపటికి నలిగిపోతుంది. మామూలు దూది బాగా దట్టించినదో, ఫోమ్‌దో వాడండి.

మూడోది కుర్చీ చేతుల ఎత్తు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. భుజాలు వదులుగా వదిలేసి మోచేతులు మడిచినప్పుడు, ఆ మోచేతుల కిందికి కుర్చీ చేతులు సరిగ్గా రావాలి. అవి ఎత్తుగా ఉంటే భుజాలు చెవుల దాకా లేస్తాయి, పాలిచ్చి లేచేసరికి మెడ పట్టేస్తుంది. కాస్త తక్కువ ఎత్తులో ఉంటే ఫర్వాలేదు, చిన్న దిండో మడిచిన దుప్పటో పెట్టుకోవచ్చు. ఎత్తెక్కువైతే తగ్గించే దారి లేదు. రెండు చేతుల మధ్య వెడల్పు కూడా చూడండి. మీకిరువైపులా ఒక్కో అరచెయ్యి పట్టేంత ఖాళీ ఉంటే మంచిది. సిజేరియన్ అయినవాళ్లకు బిడ్డ బరువు పొట్టమీద పడకుండా, చంక కింద పక్కనుంచి పట్టుకుని పాలివ్వమని నర్సులు నేర్పుతారు. అప్పుడు బిడ్డ కాళ్లు మీ వీపు వైపు వెళ్లాలి. ఇరుకు కుర్చీలో అది కుదరదు.

ఇంత చెప్పాక ఒక మాట. ఎంత మంచి కుర్చీ అయినా బిడ్డను రొమ్ము ఎత్తుకు తీసుకురాదు. ఆ పని దిండుది. రొమ్మును బిడ్డ దగ్గరికి వంచకూడదు, బిడ్డనే రొమ్ము దగ్గరికి తీసుకురావాలి. ఒళ్లో ఒకటో రెండో దిళ్లు పెట్టి బిడ్డను వాటిమీద మీ వైపు తిప్పి పడుకోబెడితే మీరు వంగక్కర్లేదు, బిడ్డ మెడను మణికట్టుతో మోయక్కర్లేదు. కొత్త తల్లుల్లో బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి చాలామందికి వస్తుంది. బిడ్డ తలను అదే చేత్తో గంటల తరబడి వంచి పట్టుకోవడం దానికి ఒక కారణం. అర్ధచంద్రాకారంలో వచ్చే ఫీడింగ్ పిల్లో కొనుక్కోవచ్చు, బాగానే పనికొస్తుంది. కానీ ఇంట్లో దిళ్లతో జరిగిపోతే దానికీ డబ్బు పెట్టనవసరం లేదు. ఏ దిండైనా సరే, పాలు తాగాక బిడ్డను దానిమీదే నిద్రపుచ్చి వదిలేయకండి.

ఇప్పుడు మీ అమ్మగారింట్లో ఉండే కుర్చీల సంగతి. నేను ఊహించగలిగినవి చెబుతాను, మీరు ఫొటోలు చూసుకుని పోల్చుకోండి. చేతులున్న టేకు కుర్చీ, సీటు చెక్కదో వైరుదో అయినది, నిటారుగా ఉండే పాతకాలంది ఒకటుంటే మీరు అదృష్టవంతులు. సీటు మీద రెండంగుళాల గట్టి దిండు, వీపుకొకటి, కాళ్ల కింద పీట. అంతకంటే మంచి కుర్చీ మొదటి నెలలో దొరకదు, లేవడానికి రెండు పక్కలా గట్టి ఆసరా ఉంటుంది. అయితే దానికి ఎప్పుడో వేసిన రంగు పెచ్చులుగా ఊడుతుంటే మీరు గీకే పని పెట్టుకోకండి. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం (లెడ్) 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగుల్లో సీసం ఎక్కువ ఉండొచ్చు. దాని పొడి గర్భిణికీ పసిబిడ్డకూ మంచిది కాదు. అలాంటి కుర్చీని వదిలేసి ఇంకోటి చూసుకోవడం మేలు.

పేము కుర్చీ తేలిగ్గా ఉంటుంది, గాలి ఆడుతుంది. తెనాలి ఉక్కపోతలో అది చిన్న లాభం కాదు. అల్లిక వదులై మధ్యలో గుంట పడిందేమో మాత్రం చూడండి. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ కూడా, సీటు మీద దిండు వేసుకుంటే, మొదటి వారాలు గడిపేయడానికి సరిపోతుంది. కాళ్లు విచ్చుకోకుండా, వెనకభాగం పగుళ్లు లేకుండా ఉండాలి. టైల్స్ మీద వెనక్కి జారకుండా గోడకు ఆనించి వేసుకోవాలి. తాతగారి పడక కుర్చీ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. గుడ్డ గుంటలోంచి బిడ్డతో లేవడం కష్టం. నవారు మంచం అంచు మీద కూర్చుని పాలివ్వడం కూడా అంతే, మధ్యకు జారుతుంటారు, వీపుకు ఆసరా ఉండదు.

ఇంట్లో ఏదీ కుదరకపోతే తెలిసిన వడ్రంగి చేత చేయించుకోవచ్చు. సీటు 15 అంగుళాల ఎత్తు, 17 అంగుళాల లోతు, చేతుల మధ్య 21, 22 అంగుళాలు, వీపు తల దాకా, కొంచెం వెనక్కి వాలి. ఈ నాలుగు ముక్కలూ కాగితం మీద రాసిస్తే చాలు. సీటు లోతును మాత్రం మీ తొడ కొలత చూసి సరిచేసుకోండి. పాలిష్ వాసన పోవడానికి టైమ్ పడుతుంది కాబట్టి మీరు వెళ్లే నాటికే పని పూర్తయి, గాలి తగిలేచోట కొన్ని వారాలు ఆరేలా చూడమనండి.

మీ అత్తయ్యగారి మాట తీసిపారేయకండి. కాళ్లు వేలాడితే నీరు దిగుతుందన్నది ఉత్త మూఢనమ్మకం కాదు. కాన్పయ్యాక కొన్ని రోజులు చాలామందికి పాదాలు వాస్తాయి. అలాంటప్పుడు కాళ్లు కిందికి వదిలేసి గంటలు గంటలు కూర్చుంటే వాపు పెరుగుతుంది. ఆవిడ చెప్పిన ఇబ్బందికి పీట సమాధానం అవుతుంది. "అత్తయ్యా, కాళ్లు పీట మీద పెట్టుకునే కూర్చుంటాను" అని చెప్పి చూడండి, సగం గొడవ అక్కడే తీరుతుంది. అయితే వాపు ఒక కాలికే వచ్చి, పిక్కలో నొప్పి, ఎరుపు, వేడి కనిపిస్తే మాత్రం పెద్దవాళ్ల మందులతో ఆగకండి. అది రక్తం గడ్డకట్టడం కావచ్చు. ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

నేలమీద కూర్చుని పాలివ్వడం కూడా మంచి పద్ధతే. గోడకు వీపు ఆనించి, నడుం వెనక దిండు పెట్టుకుని, ఒక మోకాలు పైకెత్తి దానిమీద చెయ్యి ఆనిస్తే ఒడి దానంతటదే ఎత్తుగా వస్తుంది. పైగా కిందపడే భయం ఉండదు. ఇబ్బందల్లా మొదటి వారాల్లో లేవడంతోనే. కుట్లు ఉన్న మనిషి బిడ్డతో నేలమీంచి లేవడానికి ఇంకొకరు చెయ్యి అందించాలి. రెండో నెల దాటి, మీకు ఓపిక వచ్చాక, అత్తయ్యగారి దగ్గరే ఆ కూర్చునే తీరు నేర్చుకోండి. ఆవిడకూ సంతోషంగా ఉంటుంది.

పడుకుని పాలిస్తే చెవిలోకి పాలు పోతాయని కూడా ఎవరో ఒకరు అంటారు. సీసాతో పాలు పట్టేటప్పుడు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదన్నది నిజమే. తల్లీ బిడ్డా ఒకరి వైపొకరు తిరిగి పక్కకు పడుకుని రొమ్ము పాలివ్వడంలో తప్పు లేదు. సిజేరియన్ తర్వాత మొదటి రోజుల్లో చాలామందికి అదే తేలిక. అంటే ప్రతిసారీ కుర్చీ ఎక్కి కూర్చోవాల్సిన పనే లేదు.

ఇప్పుడు చెప్పబోయేది మీవారు, మీ అమ్మగారు, అత్తయ్యగారు అందరూ వినాలి. కుర్చీలో గానీ సోఫాలో గానీ బిడ్డను ఎత్తుకుని నిద్రపోకూడదు. బిడ్డ మీ ఒంటికీ కుర్చీ చేతికీ మధ్య, దిళ్ల మధ్య జారి ఇరుక్కుంటే ఊపిరి ఆడదు. అలా ఇరుక్కున్న పసిబిడ్డ తనంతట తాను బయటపడలేదు, అరవలేదు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2022లో ఇచ్చిన సూచనల్లో పిల్లలతో కుర్చీలో, సోఫాలో నిద్రపోవడం చాలా ఎక్కువ ప్రమాదమని గట్టిగా చెప్పింది. తల్లికి నిద్ర ముంచుకొస్తుందని అనుమానం ఉంటే కుర్చీలో కంటే మంచం మీద పాలివ్వడమే తక్కువ ప్రమాదమని కూడా చెప్పింది. అదికూడా దిళ్లు, బొంతలు, దుప్పట్లు బిడ్డకు దూరంగా తీసేసిన మంచం మీద. ఒకవేళ నిద్రపట్టేసినా, మీకు మెలకువ రాగానే బిడ్డను తన పక్కమీద, గట్టిగా సమంగా ఉన్న పరుపు మీద, వెల్లకిలా పడుకోబెట్టాలి.

ఊగే కుర్చీ, రిక్లైనర్ అంటే నాకు భయం ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. బిడ్డను నిద్రపుచ్చే ఆ ఊపే అర్ధరాత్రి మూడింటికి తల్లినీ నిద్రపుచ్చుతుంది. పాలిచ్చేటప్పుడు శరీరంలో విడుదలయ్యే హార్మోన్లు కూడా మగతగా చేస్తాయి. అది మీ బద్ధకం కాదు, ఒంటి ధర్మం. అందుకని రాత్రి పాలకు ఒక ఏర్పాటు చేసుకోండి. తెనాలిలో మీ అమ్మగారు, ఇక్కడికొచ్చాక మీవారు, రాత్రి ఒక్కసారైనా లేచి మీతో మాట్లాడుతూ కూర్చోవాలి. బిడ్డ తాగాక తీసుకుని భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు తట్టడం వాళ్ల వంతు. మీవారికి కుర్చీ మీద అంత ఇష్టం ఉంది కదా, అందులో కూర్చుని తేన్పు తీసే ఉద్యోగం ఆయనకు ఇవ్వండి. ఆయన మెలకువగా ఉన్నంతసేపే సుమా.

కుర్చీ ఎక్కడ వేయాలన్నది కూడా ఆలోచించండి. మీరు చిన్న గదిని బిడ్డ గదిగా సర్దుతున్నారు, మంచిదే, బట్టలకూ సామాన్లకూ పనికొస్తుంది. కానీ మొదటి ఆరు నెలలైనా బిడ్డ పడక మీ గదిలోనే, మీ మంచం పక్కనే ఉండాలన్నది డాక్టర్లు చెప్పే మాట. మన ఇళ్లలో ఎలాగూ అదే అలవాటు. కాబట్టి కుర్చీ కూడా మీ పడకగదిలోనే ఉండాలి. వేరే గదిలో ఉంటే రాత్రి రెండోసారి లేచాక మీరు అక్కడికి వెళ్లరు, మంచం మీదే వంగి కూర్చుని ఇచ్చేస్తారు. ఏసీ గాలి సూటిగా తగలని మూల చూడండి. కిటికీ కర్టెన్ తాళ్లు, ఫోన్ ఛార్జర్ వైర్లు బిడ్డకు అందేంత దగ్గర్లో ఉండొద్దు. చేతికి అందేలా చిన్న స్టూలు, దానిమీద మంచినీళ్ల సీసా, తుడుచుకోవడానికి మెత్తటి గుడ్డ. పాలిస్తుంటే దాహం బాగా వేస్తుంది. వేడి కాఫీ, టీ మాత్రం బిడ్డ ఒళ్లో ఉండగా ఆ దరిదాపుల్లోకి రాకూడదు. పసుపు వెలుగు చిన్న దీపం ఒకటి, కుర్చీలోంచే స్విచ్ అందేలా పెట్టుకుంటే బిడ్డ పూర్తిగా మేలుకోకుండా పని జరుగుతుంది.

ఇక నిజాంపేటకు కొనాల్సిన కుర్చీ. ఇప్పుడు షాపుకి వెళ్లి కూర్చుని చూసినా సరైన అంచనా రాదు. ఏడో నెల పొట్టతో మీరు కూర్చునే తీరు, కాన్పయ్యాక కూర్చునే తీరు ఒకటి కాదు. మారనిది కాలి పొడవొక్కటే. బిడ్డకు మూడో నెల వచ్చి మీరు తిరిగొచ్చాక ఓ ఆదివారం, బిడ్డను ఇంట్లో అత్తయ్యగారికి అప్పజెప్పి మీరిద్దరూ వెళ్లండి. హైటెక్ సిటీ దగ్గర 2018లో తెరిచిన ఐకియా లాంటి పెద్ద షాపుల్లో ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. అలాంటి చోట పది రకాలు కూర్చుని చూడొచ్చు. ఓ దిండును బిడ్డలా పట్టుకుని పదినిమిషాలు కూర్చోండి, తర్వాత చేతులు వాడకుండా లేవండి. అమ్మేవాళ్లు చూస్తారని మొహమాటపడకండి.

అప్పటికి రాత్రి పాలు తగ్గి, మీకు కాస్త నిద్ర పడుతుంటే, ఊగే కుర్చీ కావాలన్న సరదా తీర్చుకోవచ్చు. రెండు రకాలున్నాయి. కింద వంపు తిరిగిన చెక్కలతో ముందుకీ వెనక్కీ ఒరిగేది మామూలు రాకింగ్ చైర్. నున్నటి టైల్స్ మీద అది ఊగుతూ ఊగుతూ జరుగుతుంది, కింద చాప గానీ మ్యాట్ గానీ ఉండాలి. గ్లైడర్ అనేది కదలని పీఠం మీద సీటు మాత్రమే ముందుకూ వెనక్కూ జరిగేది. చప్పుడు తక్కువ, ఊపు సమంగా ఉంటుంది. కొంటే గ్లైడరే కొనండి, అదీ సీటు కదలకుండా బిగించే లాక్ ఉన్నదే. రొమ్ము పట్టించేటప్పుడూ, లేచేటప్పుడూ లాక్ వేసుకోవాలి. కరెంటుతో నడిచే రిక్లైనర్ వద్దే వద్దు. కాళ్లు పైకి చాపి ఉండగా కరెంటు పోతే బిడ్డతో దిగడానికి నానా తంటాలు పడాలి. చుట్టూ తిరిగే కుర్చీ కూడా లేచేటప్పుడు పక్కకు తిరిగిపోతుంది.

రెగ్జిన్ సీటు వేసవిలో ఒంటికి అంటుకుంటుంది. ఉతకడానికి వీలుగా విప్పుకునే కాటన్ కవర్ ఉన్నది తీసుకోండి. పాలు ఒలుకుతాయి, బిడ్డ కక్కుతుంది, రెండు రోజులకే పులిసిన వాసన వస్తుంది. ఆన్‌లైన్‌లో కొనాల్సి వస్తే కుర్చీ మొత్తం ఎత్తు, వెడల్పు చూసి మోసపోవద్దు. మనకు కావాల్సింది సీటు ఎత్తు, సీటు లోతు, చేతుల మధ్య లోపలి వెడల్పు. అవి రాసిలేని కుర్చీని కొనకండి.

ఇంకో దారి కూడా ఉంది, మీరు ఉత్తరంలో రాయలేదు గానీ ఇంట్లో ఉండే అవకాశం ఉంది. ఇంటి నుంచి పనిచేయడానికి కొనుక్కున్న ఆఫీస్ కుర్చీ ఉంటే, చాలావాటికి సీటు ఎత్తు, కొన్నిటికి చేతుల ఎత్తు కూడా తగ్గించుకోవచ్చు. పొట్టిగా ఉన్నవాళ్లకు ఇది పెద్ద వరం. దాని చక్రాలు మాత్రం ప్రమాదం, లేవబోతే కుర్చీ వెనక్కి పారిపోతుంది. చక్రాలు తీసేసి వాటి చోట కదలని కాళ్లు పెట్టించొచ్చు, కుర్చీలు రిపేరు చేసేవాళ్లను అడగండి. వీపును వెనక్కి వాల్చే పిడి బిగించేసి, పగటి పాలకు వాడుకోండి. అప్పుడు 20 వేలూ మిగిలిపోవచ్చు.

నడుంనొప్పి గురించి ఒక్కమాట. దానికి కుర్చీ ఒక్కటే మందు కాదు. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టర్‌కి ముందు నుంచీ ఉన్న నొప్పి అని విడిగా చెప్పండి. కాన్పయ్యాక ఎప్పటినుంచి ఏ వ్యాయామం చేయొచ్చో అడిగి, వీలైతే ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి. కాళ్లలోకి లాగే నొప్పి, తిమ్మిరి ఉంటే ఆ చెకప్ దాకా కూడా ఆగొద్దు.

గ్లైడర్ గానీ ఊగే కుర్చీ గానీ కొన్నారంటే, బిడ్డ పాకడం మొదలెట్టే నాటికి దాని సంగతి మళ్లీ చూసుకోవాలి. ఎనిమిది, తొమ్మిది నెలల పిల్లలు దొరికినదల్లా పట్టుకుని లేచి నిలబడతారు. ఊగే కుర్చీని పట్టుకుంటే అది వాళ్ల మీదికే వస్తుంది. కింద చెక్కల మధ్య, గ్లైడర్ కీళ్లలో చిన్న వేళ్లు నలుగుతాయి. అప్పటినుంచి ఎవరూ కూర్చోనప్పుడు లాక్ వేసే ఉంచండి. లాక్ లేని రాకింగ్ చైర్ అయితే ఆ చిన్న గదిలో పెట్టి తలుపు మూసేయండి.